నచ్చింది హాఫ్లింగ్, నచ్చనిది డ్రాగన్‌బోర్న్

ఫాంటసీ రోల్‌ప్లే గేముల్లో బాగా నచ్చిన జాతి ఏది, అస్సలు నచ్చనిది ఏది అని అడిగారు. నేను ఎక్కువగా ఆడింది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథల ఆట), అందుకే దాని గురించే చెప్తాను.

ముందు నచ్చనిది. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో (ఆట రూల్స్ పుస్తకం) డ్రాగన్‌బోర్న్, అంటే డ్రాగన్‌లాంటి మనిషి, బొమ్మ చూసి మనసు పారేసుకుని, నా మొదటి పాత్రగా నీలం డ్రాగన్‌బోర్న్ ఫైటర్‌ని (యోధుణ్ణి) తీసుకున్నాను. నోట్లోంచి 30 అడుగుల పొడవున మెరుపు వస్తుంది మరి! ఐదో లెవెల్లో ఒక ఇరుకు సొరంగంలో నలుగురు హాబ్‌గాబ్లిన్లు (శత్రు సైనికుల్లాంటి రాక్షసులు) వరుసగా దొరికారు. ఇంతకంటే మంచి అదను దొరకదని మెరుపు వదిలాను. రెండు పాచికలూ కలిపి 5 పడింది. ఇద్దరు సేవింగ్ త్రో (దెబ్బ తగ్గించుకోవడానికి వేసే పాచిక) గెలిచి రెండేసి పాయింట్ల దెబ్బతో సరిపెట్టుకున్నారు. ఒక్కడూ చావలేదు. దానికే ఆ వంతులో నా యాక్షన్ మొత్తం ఖర్చయిపోయింది. అదే కత్తి దూసి ఉంటే రెండు దెబ్బలు వేసేవాణ్ణి. మళ్లీ మెరుపు కావాలంటే షార్ట్ రెస్ట్ (ఆటలో పాత్రలు తీసుకునే చిన్న విశ్రాంతి) దాకా ఆగాలి. ఆ రాత్రి నిజంగా బాధేసింది.

ఆ తర్వాతి క్యాంపెయిన్‌లో (కొత్త కథలో) హాఫ్లింగ్ రోగ్‌ని, అంటే పొట్టి జాతికి చెందిన చాకచక్యపు దొంగని, తీసుకున్నాను, ఇక వదల్లేదు. మూడడుగుల మనిషి. ఇరవై ముఖాల పాచిక మీద 1 పడితే మళ్లీ వేసుకోవచ్చు, రెండోసారి పడిందే లెక్క. ఎటాక్‌కైనా, చెక్‌కైనా (ఏదైనా పని చేయగలమో లేదో తేల్చే పాచిక), సేవింగ్ త్రోకైనా ఇదే రూలు. మామూలుగా 20లో ఒకసారి పడే ఆ ఒకటి హాఫ్లింగ్‌కి 400లో ఒకసారే మిగులుతుంది. కాగితం మీద చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఒకటి పడగానే అందరూ ‘అయ్యో’ అని, నేను పాచిక మళ్లీ చేతిలోకి తీసుకునే ఆ రెండు క్షణాల టెన్షన్ కోసమే ఆడాలనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ఒక కోట గేటు దగ్గర జరిగింది. దారికి అడ్డంగా ఓగర్ (భారీ రాక్షసుడు), వాడి వెనకాల గేటు ఎత్తే మీట. తనకంటే పెద్ద ప్రాణి నిలబడిన చోటు గుండా హాఫ్లింగ్ దూరిపోవచ్చు. డిసెంగేజ్ (ఎదురుదెబ్బ తగలకుండా తప్పుకునే చర్య) చేసి, ఓగర్ కాళ్ల మధ్య నుంచి దూరి మీట లాగాను. బయట ఇరుక్కున్న మా క్లెరిక్ (దైవశక్తితో పోరాడే పాత్ర) లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఆ క్షణాన్ని మా వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

లోపాలు లేవని కాదు. 2014 రూల్స్‌లో హాఫ్లింగ్ ఒక వంతులో నడిచేది 25 అడుగులే, చీకట్లో చూడలేడు, గ్రేట్‌సోర్డ్ లాంటి బరువైన ఆయుధం పట్టుకుంటే డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి). ఆ రూల్స్‌తో బార్బేరియన్ (పెద్ద ఆయుధాలతో విరుచుకుపడే యోధుడు) ఆడాలనుకుంటే వేరే జాతి చూసుకోండి.

ఒక మాట: 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో డ్రాగన్‌బోర్న్‌ని బాగా సరిచేశారు. ఇప్పుడు నోట్లోంచి వచ్చే ఆ మెరుపుని ఒక్క దెబ్బ స్థానంలోనే వాడొచ్చు, రెండో దెబ్బ మిగులుతుంది. చీకట్లో చూపు వచ్చింది, ఐదో లెవెల్లో కాసేపు రెక్కలు కూడా వస్తాయి. ఆ నీలం ఫైటర్‌ని కొత్త రూల్స్‌తో మళ్లీ తయారు చేసుకుని ఆ సొరంగంలోకి ఇంకోసారి దిగాలని ఉంది.