మణికట్టు నొప్పి ఎక్కడ, ఏ వేళలో వస్తోందో ముందు గమనించండి

బరువైన గిన్నె దించినప్పుడో, బండి చాలాసేపు నడిపినప్పుడో మణికట్టు నొప్పి పెడుతోందని, ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గిపోతోందని, వాపు కనబడదు కనుక వైద్యుడి దగ్గరికి వెళ్లాలో లేదో తేలడం లేదని అడిగారు. నేను వైద్యురాలిని కాను, ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. కత్తెర పట్టినప్పుడల్లా కుడి మణికట్టు లాగేస్తుంటే ఎముకల వైద్యుడికి చూపించుకున్నాను. నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించమని, ఏ వేళలో ఎక్కువవుతుందో చెప్పమని ఆయన మొదటే అడిగారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, వాటి మీదుగా వేళ్లకు వెళ్లే స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), నరాలు ఇరుకుగా సర్దుకుని ఉంటాయి కాబట్టి అంగుళం తేడాలో కారణం మారిపోతుంది.

నాది బొటనవేలి వైపు నొప్పి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో దాన్ని మూసి, పిడికిలిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచీ వంచకముందే ప్రాణం విలవిల్లాడింది. బొటనవేలిని కదిలించే రెండు స్నాయువులు సాగే తొడుగు మందమై బిగుసుకుపోవడం వల్ల వచ్చే ఈ బాధను, 1895లో దాన్ని వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడి పేరు మీద డి కెర్వాన్ జబ్బు అంటారు. పసిబిడ్డను చంకల కింద చేతులు పెట్టి పదేపదే ఎత్తుకునే తల్లులకు కూడా ఇది తరచుగా వస్తుందట. బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకుని, కత్తిరింపు పని తగ్గించుకున్నాక నాకు క్రమంగా సర్దుకుంది. అలా తగ్గనివారికి తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. మందుల షాపులో అమ్మే మామూలు మణికట్టు పట్టీ బొటనవేలిని వదిలేస్తుంది కనుక దీనికి అంతగా పనికిరాదు.

మీరు బండి మాట ఎత్తారు కాబట్టి ఇంకొకటి కూడా చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రి మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే కాస్త హాయిగా ఉంటే, అది మణికట్టు లోపలి ఇరుకు దారిలో నరం నలగడం వల్ల వచ్చే కార్పల్ టన్నెల్ కావచ్చు. షుగరు ఉన్నవారిలో, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారిలో, గర్భిణుల్లో ఇది ఎక్కువ. మొదట్లో రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్‌తోనే చాలామందికి ఊరట దొరుకుతుంది, కానీ బొటనవేలి మొదట్లో ఉన్న కండ కరిగి, పట్టుకున్న వస్తువు జారిపోయేదాకా ఆగితే శస్త్రచికిత్స చేయించుకున్నా పూర్తి బలం తిరిగి రాకపోవచ్చు.

మణికట్టు పైన మెత్తగానో గట్టిగానో బుడిపె లేచి, పెరుగుతూ తరుగుతూ ఉంటే అది సాధారణంగా గాంగ్లియన్ అనే నీటి తిత్తి. చాలాసార్లు దానంతటదే పోతుంది. రెండు మణికట్లూ కలిసి నొస్తూ, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతుంటే మాత్రం కీళ్లవాతం సంగతి తేల్చుకోవాలి. చికున్‌గున్యా జ్వరం తగ్గాక నెలల తరబడి మణికట్లు నొచ్చినవారు 2006 నాటి నుంచి మన ఊళ్లలో చాలామందే ఉన్నారు, కనుక ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే ఆ మాట కూడా వైద్యుడికి చెప్పండి.

అరచెయ్యి ఆనించి కింద పడ్డాక వచ్చిన నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉంటే ఆ ఎనిమిది చిన్న ఎముకల్లో ఒకటైన స్కాఫాయిడ్ చిట్లి ఉండవచ్చు. ఆ చిట్లు మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవడం కూడా ఉంది కనుక పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయిస్తారు. ఆ ఎముకకు రక్తప్రసారం తక్కువ కావడంతో అతుక్కోకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే తీయించకుండా నాటుకట్టు వేయించుకోవడం నాకు సమ్మతం కాదు.

మణికట్టు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉన్నా, పడ్డాక చెయ్యి వంకర తిరిగినా, వేళ్లు చల్లబడి పాలిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మీరు చెప్పినదాన్ని బట్టి అంత తొందర ఉన్నట్టు లేదు. గిన్నెను రెండు చేతులతో దించుతూ, బండి నడపడం తగ్గించి, రెండు వారాలు చూడండి. అప్పటికీ అదే పనికి అదే చోట నొప్పి తిరగబెడుతుంటే, లేదా మధ్యలోనే తిమ్మిరి మొదలైతే, షాపులో నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకుని వేసుకుంటూ కాలం గడపకుండా ఎముకల వైద్యుడికి చూపించుకోండి. షుగరు, థైరాయిడ్ పరీక్షల కాగితాలు ఉంటే వెంట తీసుకెళ్లండి.