అత్తవారింటి పన్నెండు తరాల వంశవృక్షం దొరికింది, నమ్మొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ ఆయనది ఒహాయో కుటుంబం. 1635లో ఇంగ్లండ్ నుంచి వచ్చి మసాచుసెట్స్‌లో దిగిన ఒకాయన తమ మూలపురుషుడని మీ అత్తగారింట్లో చెప్పుకుంటారు. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన పన్నెండు తరాల వంశవృక్షం మీకు దొరికింది. అది నిజమేనా, పిల్లలకు చెప్పొచ్చా అని అడిగారు.

చెప్పొచ్చు గానీ, ఇప్పుడే వద్దు. ఇలాంటి చెట్లలో అటు చివరా ఇటు చివరా సాధారణంగా బాగానే ఉంటాయి. 1600ల నాటి మనుషుల మీద ఎంతోమంది పరిశోధన చేసేశారు. 1900 తర్వాతివాళ్లు ఇంట్లో పెద్దలకు గుర్తుంటారు. తేడా వచ్చేది మధ్యలో, ముఖ్యంగా 1780 నుంచి 1850 దాకా. అక్కడ ఒక్క తండ్రి మారితే, ఆ పైనున్నదంతా వేరే ఎవరి పూర్వీకులదో అయిపోతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మసాచుసెట్స్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా కోడలు ఇక్కడి పాత కుటుంబం పిల్ల. మా వియ్యపురాలు ఒకసారి వాళ్ల తాతల కాలంలో అచ్చేయించిన వంశచరిత్ర పుస్తకం నా చేతిలో పెట్టి, "మీకు పాత దస్తావేజులు అలవాటే కదా, ఇందులో ఎంత నిజముందో చూడండి" అన్నారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేని మనిషికి అంతకంటే ఏం కావాలి?

ముందుగా ఆ 1635 పెద్దాయన్ని మర్చిపోండి. మీ ఆయన దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరమే వెనక్కి వెళ్లండి. ఫలానావాడు ఫలానావాడి కొడుకే అని చెప్పే కాగితం చేతికొచ్చాకే తర్వాతి తరానికి వెళ్లాలి. సెన్సస్ ఇక్కడ బాగా పనికొస్తుంది. వివరాలను 72 ఏళ్లు బయటపెట్టరు కాబట్టి, 2022లో విడుదలైన 1950 సెన్సస్సే ఇప్పటికి చూడగలిగిన వాటిలో చివరిది. అక్కడి నుంచి పదేళ్లకొకటి చొప్పున వెనక్కి వెళ్తే 1880 దాకా పని హాయిగా సాగుతుంది, మధ్యలో 1890 ఒక్కటి తప్ప. ఆ ఏటి కాగితాల్లో చాలామటుకు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల పోయాయి. 1880లో తండ్రి పక్కన పదేళ్ల పిల్లగా కనిపించిన అమ్మాయి, 1900 నాటికి పెళ్లయి ఇంటిపేరు మారి ఎక్కడో తేలుతుంది. ఆ ఇరవై ఏళ్ల ఖాళీని కౌంటీ (మన జిల్లా లాంటిది) పెళ్లి రిజిస్టర్లతో పూడ్చుకోవాలి.

అసలు టెన్షన్ 1850 దగ్గర మొదలవుతుంది. ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి పేర్లూ రాసిన మొదటి సెన్సస్ అదే. 1790 నుంచి 1840 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. మిగతావాళ్లు పేర్లు లేకుండా ఆడ, మగ, వయసు గళ్లలో అంకెలుగా మిగిలారు. సరిగ్గా అదే కాలంలో న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, వెర్మాంట్ లాంటి ఈశాన్య రాష్ట్రాలు) జనం ఊళ్లకు ఊళ్లు కదిలి పశ్చిమానికి పోయారు. మసాచుసెట్స్‌లో పంచుకోవడానికి పొలం మిగల్లేదు. వెర్మాంట్ వెళ్లినవాళ్లను 1816 దెబ్బకొట్టింది. అంతకు ముందేడు ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలిన ప్రభావంతో ఆ ఏడు జూన్‌లో మంచు పడి పంటలు పోయాయి. 1825లో న్యూయార్క్ రాష్ట్రం మీదుగా ఈరీ కాలువ తెరిచాక పడమటి దారి ఇంకా సులువైంది. న్యూయార్క్ రాష్ట్రంలో జనన మరణాల నమోదు 1880 దాకా స్థిరపడలేదు. మీవాళ్లు అక్కడ ఒక తరం ఆగి ఒహాయో వెళ్లుంటే, ఆ తరానికి పుట్టినట్టు కాగితం దొరక్కపోవచ్చు.

అందుకే నేను పుట్టుకల వెంట పడను, పొలం వెంట పడతాను.

పొలం ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట సంతకం పెట్టి తీరాలి. అమెరికాలో ఈ దస్తావేజులు చాలా రాష్ట్రాల్లో కౌంటీ ఆఫీసుల్లో ఉంటాయి, వెర్మాంట్, కనెటికట్, రోడ్ ఐలాండ్‌లలో మాత్రం ఊరి ఆఫీసుల్లో. రాసిచ్చినవారి సూచిక ఒకటి, రాయించుకున్నవారి సూచిక ఒకటి, రెండూ చూడాలి. చెక్కుబందీలు మాత్రం తప్పకుండా చదవండి. ఫలానా తెల్ల ఓక్ చెట్టు నుంచి ఫలానా వాగు దాకా, ఉత్తరాన ఫలానావారి భూమి అని రాస్తారు. ఆ పొరుగువాళ్లే తరచుగా అన్నదమ్ములో, మామగారో అవుతారు. తండ్రి కొడుక్కి "ప్రేమాభిమానాలతో" రాసిచ్చిన పొలం కనిపిస్తే పండగే. మన దాన సెటిల్మెంట్లలో రాసే మాటే అది, పైగా బంధుత్వం అందులోనే చెప్పేస్తారు. ఒక జాగ్రత్త: మన దగ్గర రాసుకున్నాక నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు తీసుకురావాలి. వాళ్లకు అలాంటి తొందరేమీ ఉండేది కాదు. రాసుకున్న ఇరవై ఏళ్లకు పుస్తకంలోకి ఎక్కించినవి కూడా చూశాను. మనిషి చనిపోయిన ఏడు దగ్గరే ఆగిపోకుండా సూచికను ఇంకా ముందుకు వెతకండి.

మా వియ్యపురాలి పుస్తకంలో ఒక తరం దగ్గర భార్య పేరు మేరీ అని మాత్రమే ఉంది. పుట్టింటి పేరు లేదు. వూస్టర్ కౌంటీ దస్తావేజుల్లో ఆమె భర్త అమ్మిన పొలాలన్నీ వరసగా చదువుతుంటే, ఒకచోట భార్యాభర్తలిద్దరూ కలిసి "మా గౌరవనీయ తండ్రి" నుంచి వచ్చిన భూమిలో ఏడింట ఒక వంతు అమ్మినట్టు ఉంది. తండ్రి పేరూ అందులోనే ఉంది. కొన్నవాడు అదే ఇంటిపేరువాడు, అంటే ఆమె తోబుట్టువు. మరి ఏడుగురు పిల్లలా? కాదు, ఆరుగురే. ఆ రోజుల్లో మసాచుసెట్స్‌లో విల్లు రాయకుండా పోతే, భార్యకు మూడో వంతు మీద జీవితాంతం హక్కు పోను, మిగతాది కూతుళ్లతో సహా పిల్లలందరికీ సమానంగా పంచేవారు. పెద్దకొడుక్కి మాత్రం రెండు వాటాలు. పద్ధెనిమిదో శతాబ్దం చివరిదాకా అదే చట్టం. ఆరుగురు పిల్లలకు ఏడు వాటాలన్నమాట. సూచికలో కొన్నవాడి పేరు కింద వెతికితే మిగతా తోబుట్టువులు అమ్మిన దస్తావేజులు కూడా దొరికాయి, ఒక్కొక్కరిదీ ఏడింట ఒక వంతే.

ఆ దస్తావేజులో మేరీ సంతకం లేదు. పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఇంటూ గుర్తు ఉంది. ఆ గుర్తుకు పైన "ఆమె", కింద "గుర్తు" అని గుమాస్తా రాశాడు. ఆ గీత కూడా ఆమె గీసింది కాదు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో దస్తావేజులు ఎక్కించే పాత బుక్-1లలో లాగే ఆఫీసు పుస్తకంలో ఉండేది చేత్తో రాసిన నకలు, అసలు కాగితం ఇంటికి పోయేది.

కౌంటీ హద్దుల సంగతి మర్చిపోకండి. వూస్టర్ కౌంటీ పుట్టిందే 1731లో. అంతకుముందు కాగితాలు దాని పాత కౌంటీల్లో ఉంటాయి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాక పాత రికార్డు ఎక్కడుందో వెతుక్కున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మెయిన్ కూడా 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగమే.

చాలామందికి తెలియని కాగితం ఇంకొకటుంది. కొత్తగా ఊళ్లోకి వచ్చిన కుటుంబం రేపు బీదరికంలో పడితే పోషించే భారం ఊరి మీద పడుతుందని, ముందే "మీరు వెళ్లిపోండి" అని నోటీసు ఇచ్చేవారు. చాలామంది వెళ్లేవారు కాదు, ఊరికీ అది తెలుసు. మనకు కావలసింది అందులో రాసే ఒక్క ముక్క: ఎవరెవరు వచ్చారు, చివరిగా ఏ ఊరి నుంచి వచ్చారు. వలసదారుల జాడ తెగిపోయిన చోట ఆ ఒక్క వాక్యం చాలు.

తేదీలు చూసి కంగారుపడొద్దు. బ్రిటిష్ వాళ్లు 1752లో కేలండర్ మార్చారు. అంతకుముందు కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. అందుకే జనవరి నుంచి మార్చి దాకా తేదీల్లో 1731/32 అని రెండేళ్లు కలిపి రాస్తారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పటి లెక్కలో ఫిబ్రవరి 11, 1731, ఇప్పటి లెక్కలో ఫిబ్రవరి 22, 1732. పేర్లతోనూ జాగ్రత్త. సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అంతే. పెద్దవాడు పోతే నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అయిపోతాడు. ఆన్‌లైన్ చెట్లు కుప్పకూలేది ఎక్కువగా ఇక్కడే.

మూలపురుషుడి గురించి ఇంట్లో చెప్పుకునే కథకు ఎంత విలువివ్వాలో ఆడమ్స్ కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది. ఇద్దరు అధ్యక్షుల్ని ఇచ్చిన ఇల్లు అది. మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో 1646లో పోయిన హెన్రీ, ఆయన కొడుకు జోసెఫ్, మనవడు ఇంకో జోసెఫ్, ఆ తర్వాత డీకన్ (చర్చి పెద్ద) జాన్, ఆయన కొడుకు 1735లో పుట్టిన జాన్ ఆడమ్స్. ప్రతి తరానికీ కాగితం ఉంది. అంతటి జాన్ ఆడమ్స్ కూడా ముసలితనంలో హెన్రీకి రాతి స్మారకం వేయిస్తూ, ఆయన ఇంగ్లండ్‌లోని డెవన్‌షైర్‌లో మతహింస తట్టుకోలేక ఎనిమిదిమంది కొడుకులతో వచ్చాడని చెక్కించారు. తర్వాతివాళ్లు ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు తిరగేస్తే హెన్రీ సోమర్సెట్‌లోని బార్టన్ సెయింట్ డేవిడ్ ఊరివాడని తేలింది. అమెరికా వైపు తరాలన్నీ సరిగ్గా ఉండి, సముద్రం అవతలి ఊరు మారిపోయింది. 1630ల ఓడల ప్రయాణికుల జాబితాలు చాలా కొద్దిగా మిగిలాయి. ప్రభుత్వం అలాంటి జాబితాలు పద్ధతిగా తీసుకోవడం మొదలైందే 1820లో. కాబట్టి మీవాళ్ల కథలో ఓడ పేరు ఉంటే దాన్ని చివరికి వదిలేయండి.

అచ్చులో ఉందని కూడా నమ్మకండి. 1900 ప్రాంతంలో డబ్బున్న అమెరికన్లకు రాజవంశాలు అమ్మి పెట్టిన గుస్తావ్ ఆంజూ అనే ఆయన ఉండేవాడు. నిజమైన విల్లుల మధ్య దొంగ కాగితాలు కలిపి వంశచరిత్రలు తయారుచేశాడు. వాటి నుంచి ఎత్తిన పేర్లు ఇప్పటికీ ఆన్‌లైన్ చెట్లలో తిరుగుతున్నాయి. మీ చెట్టులో పన్నెండో తరం పైన ఏ సర్ గారో, ప్రభువో ఉంటే అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

వెతుకుతుంటే వినడానికి ఇష్టంలేనివీ బయటపడతాయి. మా వియ్యపురాలి పూర్వీకుడొకడు పోయాక రాసిన ఆస్తి జాబితాలో, ఇత్తడి బిందెకూ ఎద్దుల జతకూ మధ్య ఒక మనిషి పేరు, పక్కన ధర ఉంది. మసాచుసెట్స్‌లో, దక్షిణాదిలో కాదు. ఇక్కడ బానిసత్వం 1780లలో కోర్టు తీర్పులతో ముగిసిందని, అంతకుముందు ఉండేదని వియ్యపురాలికి తెలుసు, సొంత ఇంట్లో అనుకోలేదు. కుటుంబ చెట్టులో ఆ పేజీ కూడా పెట్టమన్నారు, పెట్టాను. ఆ పేరున్న మనిషి వారసులు ఎవరైనా వెతుకుతుంటే వాళ్లకు ఆ జాబితాయే ఆధారం. నల్లవారి కుటుంబాల్లో చాలావాటికి పేర్లతో దొరికే మొదటి సెన్సస్ 1870దే. అంతకుముందు తరాలను యజమానుల విల్లుల్లో, జాబితాల్లో వెతుక్కోవాల్సిందే.

డీఎన్ఏ పరీక్ష గురించీ అడిగారు. ఐదారు తరాల దాకా బంధువుల్ని కలుపుకోవడానికి బాగుంటుంది. పది తరాల వెనక ప్రతి మనిషికీ 1024 పూర్వీకుల స్థానాలుంటాయి, వాళ్లలో చాలామంది డీఎన్ఏ మనలో మిగలనే మిగలదు. ఇంటిపేరు వరస తేల్చుకోవాలంటే మీ ఆయనో మావగారో వై-డీఎన్ఏ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది) పరీక్ష చేయించుకోవచ్చు. అదీ కాగితాలకు తోడుగానే.

డబ్బు పెట్టి సభ్యత్వం తీసుకోవడానికి తొందరపడకండి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్ ఉచితం. పాత దస్తావేజుల, విల్లుల చేతిరాతను కంప్యూటరే చదివి వెతికిపెట్టే సౌకర్యం ఇప్పుడు అందులో ఉంది. సూచికల్లో కనపడని భార్యలు, సాక్షులు, పొరుగువాళ్లు దానివల్ల బయటపడతారు. డబ్బు కట్టాల్సిన యాన్సెస్ట్రీ వెబ్‌సైట్‌ను చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఊరికే వాడుకోవచ్చు. పూర్వీకుడెవరైనా విప్లవ యుద్ధంలో (అమెరికా స్వాతంత్ర్య యుద్ధం) పోరాడి ఉంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో పెన్షన్ ఫైలు చూడండి. పెళ్లి రుజువు చేసుకోవడానికి కొందరు వితంతువులు ఇంటి బైబిల్లో పిల్లల పుట్టుకలు రాసుకున్న పేజీనే చింపి దరఖాస్తుకు జతచేశారు.

ఒహాయోలో జనన మరణాలు 1867 నుంచి కౌంటీ ప్రొబేట్ (విల్లులు, వారసత్వాలు చూసే) కోర్టుల్లో, 1908 చివరి నుంచి రాష్ట్రస్థాయిలో ఉంటాయి. మీవాళ్లది ఈశాన్య ఒహాయో అయితే మసాచుసెట్స్ కంటే ముందు కనెటికట్ చూడండి, ఆ ప్రాంతం ఒకప్పుడు కనెటికట్ తనకని ఉంచుకున్న భూమి. 1850 సెన్సస్‌లో మీవాళ్ల ఇంటిని పట్టుకుని, ఏ కౌంటీయో, పెద్దవాళ్ల పుట్టిన రాష్ట్రం గడిలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి. పేర్లు రాయక్కర్లేదు. ఆ రెండూ తెలిస్తే ముందు ఏ ఆఫీసు పుస్తకాలు తెరవాలో చెప్తాను.