ఆర్థర్ అంటే ఎలుగుబంటేనా? బాబుకి పెట్టొచ్చా?

లండన్‌లో పుట్టిన బాబుకి ఆర్థర్ అని పెడదామనుకుంటే, అర్థం ఎలుగుబంటి అని కనిపించిందనీ, మరీ తాతలకాలం పేరేమోననీ అడిగారు.

ఎలుగుబంటి మాట తేలిన విషయం కాదు. వెల్ష్ భాషలో 'ఆర్థ్' అంటే ఎలుగుబంటే. దానికి 'మనిషి' అనే మాట కలిపి 'ఎలుగు లాంటి వీరుడు' అని చెప్తుంటారు. చిక్కేమిటంటే, ఆ సమాసం పాత వెల్ష్‌లో 'ఆర్ట్‌గుర్' (Artgur), తర్వాతి వెల్ష్‌లో Arthwr అవ్వాలి. పాత పద్యాల్లో మాత్రం ఈ పేరుకి అంత్యప్రాస -ur మాటలతోనే పడుతుంది, -wr మాటలతో పడదు. అందుకే ఆర్టోరియస్ అనే రోమన్ ఇంటిపేరు నుంచి వచ్చిందన్న వాదనే నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ ఇంటిపేరుకి అర్థం ఇంకా తేలలేదు. ఆర్క్‌ట్యూరస్ నక్షత్రంతో కలిపేవాళ్లూ ఉన్నారు. గ్రీకులో అది 'ఎలుగు కాపరి', మన స్వాతి నక్షత్రం అదే. బాబుది స్వాతి అయినా లాభం లేదు, దాని అక్షరాలు రూ, రే, రో, తా.

తాతలకాలం పేరన్నది ఒకప్పటి మాట. 1850 మే 1న, అంటే వెల్లింగ్టన్ డ్యూక్ ఆర్థర్ వెల్లెస్లీ పుట్టినరోజునే పుట్టిన కొడుక్కి విక్టోరియా రాణి ఆయన పేరే పెట్టింది (ఢిల్లీ కనాట్ ప్లేస్ ఈ కొడుకు బిరుదు మీదే). ఆ కాలంలో పేరు బాగా వాడుకలోకొచ్చి, ఇరవయ్యో శతాబ్దంలో వెనకబడింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1920ల తర్వాత మళ్లీ మొదటి పదిలోకి వచ్చింది 2018లోనే. కాబట్టి బళ్లో మరో ఆర్థర్ ఉంటే ఆశ్చర్యపోకండి. గోదావరి జిల్లాల్లో ఈ పేరు పరాయిదేం కాదు గానీ, అక్కడ సర్ ఆర్థర్ కాటన్‌ని అందరూ కాటన్ దొర అనే అంటారు.

తెలుగులో 'థ' రాయండి. 'ఆర్ధర్' అని 'ధ'తో రాయడం మనవాళ్లకి అలవాటైన తప్పు. ఇంగ్లీషులో 'టి' తర్వాత 'హెచ్' పోతే పోలండ్ వాళ్ల 'ఆర్టుర్' అవుతుంది. ఇంగ్లండ్‌లో జననం 42 రోజుల్లోపు నమోదు చేయించాలి, సంతకానికి ముందు ఆ ఒక్క అక్షరం చూసుకోండి.

ఇంకోటి, అక్కడ ముద్దుగా 'ఆర్టీ' అంటారు. ఇంట్లో అమ్మమ్మ నోట అది ఆర్తి అయితే, ఆడపిల్ల పేరైపోతుంది.