5 కంప్యూటర్లు, 42 మంది పిల్లలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ల్యాబులో 8 కంప్యూటర్లుంటే 5 మాత్రమే పనిచేస్తున్నాయి. ఎనిమిదో తరగతిలో 42 మంది, వారానికి 2 పీరియడ్లు. అందరినీ ల్యాబుకు తీసుకెళ్తే గోల. తీసుకెళ్లకపోతే ‘మళ్లీ నోట్సేనా సార్’ అంటున్నారు. ఎలా నడపాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ముందు అందరినీ ఒకేసారి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టడం మానేయండి. ఒక్కోదాని దగ్గర 8, 9 మంది గుమిగూడితే కీబోర్డు ఇద్దరికే అందుతుంది. తరగతిని 14 మంది చొప్పున 3 జట్లు చేయండి. ఒక జట్టు కంప్యూటర్ల దగ్గర: నాలుగింటికి ముగ్గురేసి, ఐదోదానికి ఇద్దరు. రెండో జట్టు వచ్చే పీరియడ్‌లో తాము చేయబోయే ప్రోగ్రామును కాగితం మీద చదివి, నడిపితే ఏం వస్తుందో రాసిపెట్టుకోవాలి. మూడో జట్టుకు గళ్ల కాగితం పని. మూడు పీరియడ్లకు ఒక చుట్టు పూర్తవుతుంది.

ముగ్గురిలో ఒకరు టైపు చేయాలి, ఒకరు చెప్పాలి, ఒకరు తప్పులు పట్టాలి. 10 నిమిషాలకోసారి మీరే చప్పట్లు కొట్టి మార్పించండి. ఇది పట్టుబట్టి చేయించాల్సిన పని. వదిలేస్తే కాస్త అలవాటున్న అబ్బాయి కీబోర్డు వదలడు, ఆడపిల్లలు పక్కన కూర్చొని నోట్సు ఎక్కించుకుంటారు. రెండు నెలలు ఇలాగే సాగితే ‘ఇది మాకు రాదు’ అని వాళ్లే నమ్మేస్తారు. ఈ సబ్జెక్టు నుంచి పిల్లలు తప్పుకునేది చాలామటుకు ఇక్కడే. పాఠం కష్టమై కాదు.

ఇక గళ్ల కాగితం. పోచంపల్లి, పుట్టపాక నేతలో డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా గీసుకుంటారు, మీ పిల్లలకు ఇది చూపించి మొదలుపెట్టొచ్చు. 8 వరుసలు, వరుసకు 8 గళ్లు. నింపిన గడి 1, ఖాళీ గడి 0. ఒకరు వరుస వెంట వరుస చదవాలి, బొమ్మ చూడనివాళ్లు విని నింపాలి. ఒక్కో గడి ఒక బిట్, 8 బిట్లు ఒక బైట్, కాబట్టి ఇవి 64 బిట్లు, అంటే 8 బైట్లు అని చివర్లో చెప్పండి, మొదట్లో కాదు. ఎక్కడో ఒక అంకె తప్పుగా వింటారు, బొమ్మ చెడుతుంది. అదే అదను. ప్రతి వరుసకూ తొమ్మిదో గడి కలిపించండి: వరుసలో ఒకట్లు బేసిగా ఉంటే అందులో 1, సరి సంఖ్యలో ఉంటే 0. ఇక ఏ వరుసలోనైనా మొత్తం ఒకట్లు బేసిగా వస్తే తప్పు అక్కడే. నిలువు వరుసల కింద కూడా ఇలాగే చేయిస్తే తప్పిన గడి ఏదో కచ్చితంగా దొరుకుతుంది. కానీ ఒకే అడ్డ వరుసలో 2 అంకెలు తప్పితే ఆ వరుస బాగున్నట్టే కనిపిస్తుంది. ఎందుకో వాళ్లనే తేల్చనివ్వండి. ‘పారిటీ’ అనే పేరు ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు.

ఇక ల్యాబు యంత్రాల సంగతి. పాతవి విండోస్ 7 యంత్రాలైతే, ప్రోగ్రాములు రాసే భాష పైథాన్ 3.8 వెర్షన్ వరకే ఎక్కుతుంది, 3.9 నుంచి ఎక్కదు. 3.8.10 ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ల్యాబులో నెట్ అవసరం లేదు. ఎక్కించేటప్పుడు మొదటి తెర అడుగున పాత్ అని ఉన్న గడిలో టిక్కు పెట్టండి. పాడైన మూడింటిలో ఏదైనా ఆన్ అయి బీప్‌మని ఆగిపోతుంటే, కరెంటు తీగ పీకి, ర్యామ్ (మెమరీ పలక) బయటికి తీసి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించండి. దుమ్ముపట్టిన ల్యాబుల్లో ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ మొదటి ఏడాదికి పైథాన్ చెబుతున్నాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ప్రోగ్రాములు బట్టీపట్టి రికార్డు నింపుతున్నారు. ఒక్క లైను మార్చమంటే ఆగిపోతున్నారు.
– ఒక అధ్యాపకురాలు

జవాబు: పైథాన్ 3లో వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేర్లు తెలుగులో పెట్టొచ్చు. ఆజ్ఞల మాటలు ఇంగ్లిషులోనే ఉండాలి గానీ, ‘ధర’, ‘బస్తాలు’ అని పేర్లు పెట్టుకుంటే భాష అడ్డు సగం తొలగుతుంది. ఒక జాగ్రత్త: కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి చేరుస్తాయి. పేరులో అది పడితే ఎర్రర్ వస్తుంది. పొల్లు లేని చిన్న పేర్లే వాడించండి.

ధర = ధర + 5 అని బోర్డు మీద రాసి ఆగండి. లెక్కల్లో ఇది అబద్ధం, అందుకే మొద్దుబారినట్టు చూస్తారు. కుడివైపు లెక్క ముందు జరుగుతుంది, వచ్చిన విలువ ఎడమవైపు పేరుకు చేరుతుంది అని డ్రై రన్ పట్టిక (ఒక్కో లైను తర్వాత విలువ ఎంతో రాసే పట్టిక) గీసి చూపండి. రెండో చిక్కు ఇన్‌పుట్. 12 బస్తాలు, 13 బస్తాలు టైపు చేసి కలిపితే 25 రాదు, 1213 వస్తుంది. టైపు చేసినదంతా పైథాన్‌కు అక్షరాలే, అంకెలుగా మార్చమని మనమే చెప్పాలి. ఇది మీరు చెప్పకముందే వాళ్లు ఆ 1213 చూడాలి.

బట్టీకి మందు: 7, 8 లైన్ల ప్రోగ్రామును చీటీలుగా కత్తిరించి కలిపేసి, వరుసలో పేర్చమనండి. అక్కర్లేని చీటీ ఒకటి కలిపితే ఇంకా మంచిది. నడిపే ముందు జవాబు రాయడం తప్పనిసరి చేయండి. ల్యాబ్ మార్కుల్లో కొంత ఆ ఊహకు ఇవ్వండి, ఊహ తప్పినా సరే. తప్పితే మార్కు పోతుందంటే పక్కవాడిది చూసి రాస్తారు.

ప్రశ్న: మాది అచ్చంపేట. పాప పది పాసైంది, కంప్యూటర్ చదువుతానంటోంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఏం చేర్పించాలి?
– ఒక తండ్రి

జవాబు: పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి ఉంటే 3 ఏళ్ల కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా, ఆపైన డిప్లొమావాళ్లు రాసే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. లేదంటే ఇంటర్ ఎంపీసీ. అక్కడినుంచి ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్‌కు గానీ, దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు) ద్వారా బీఎస్సీకి గానీ వెళ్లొచ్చు. సీఈసీ తీసుకుంటే బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఉంది, అయితే అందులో వాణిజ్య పాఠాలే ఎక్కువ. ప్రోగ్రామింగే కావాలంటే లెక్కలు వదలొద్దు.

కొనడానికి తొందరపడకండి. ఆండ్రాయిడ్ ఫోనులో పైడ్రాయిడ్ 3 యాప్ వేసుకుంటే నెట్ లేకుండా కూడా పైథాన్ నడుస్తుంది. ఫోను తెర మీద టైపు చేయడమే కష్టం. ఓటీజీ కేబుల్‌తో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే సరిపోతుంది. ఫోను ఓటీజీని అందుకుంటుందో లేదో దుకాణంలోనే పెట్టి చూసి కొనండి.