పండుగలో పిల్లల వాటా

చిన్ననాటి ఆటపాటల గురించి, పండుగల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని ఎంచి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఈ సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో భోగిమంట ఘనంగా వేశాము. కమిటీవారు పిడకల దండలు ఆన్‌లైన్‌లో తెప్పించి పిల్లలకు తలొకటి ఇచ్చారు. పిల్లలు వాటిని మంటలో వేసి, ఫొటోలు దిగి, పది నిమిషాల్లో ఇళ్లకు వెళ్లిపోయారు. మా చిన్నప్పుడు ఇదే పండుగ మాకు నెల రోజుల సంబరంగా ఉండేది. గడిచిపోయిన రోజులు కాబట్టి మాకు గొప్పగా కనిపిస్తున్నాయా, లేక నిజంగానే ఏదైనా పోయిందా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: నిజంగానే ఒకటి పోయింది. అదేమిటో మీ ప్రశ్నలోనే ఉంది. మీకు నెల రోజులు పట్టిన పండుగ మీ పిల్లలకు పది నిమిషాల్లో ముగిసింది. ఆ నెల రోజులూ మీరేం చేసేవారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ధనుర్మాసం మొదలయ్యే డిసెంబరు నడిమి నుంచే పిల్లలు పాత బుట్టలు పట్టుకుని పశువుల వెంట తిరిగేవారు. కనిపించిన పేడ అంతా పనికివచ్చేది కాదు. నీళ్లగా ఉన్నది నిలవదు, ఎండిపోయినది అతకదు. తెచ్చినదానిలో కాస్త ఊకో, నలిపిన గడ్డో కలిపి, ముద్దను అరచేతిలో గారెలా తట్టి, మధ్యలో వేలితో చిల్లి పెట్టి, ఎండ తగిలే గోడ వారగా పరిచేవారు. చిల్లి సన్నగా పెడితే పిడక ఎండేసరికి అది మరింత కుంచించుకుపోయి తాడు దూరేది కాదు. పూర్తిగా ఆరకముందే తొందరపడి గుచ్చితే సరిగ్గా చిల్లి దగ్గరే విరిగేది. ఒక పక్క ఆరాక తిరగవేయాలి, మంచు కురిసే రాత్రులలో గోనెపట్టా కప్పాలి, పక్కింటివాళ్ల కోడి తొక్కకుండా చూసుకోవాలి. ఇదంతా పెద్దలు కూర్చోబెట్టి నేర్పిన విద్య కాదు, తమకంటే రెండేళ్లు పెద్దవారైన పిల్లలను చూసి పిల్లలే పట్టుకున్న పని.

భోగి తెల్లవారుజామున ఆ దండను మెడలో వేసుకునో, ఇద్దరు చెరోవైపు పట్టుకునో మంట దగ్గరికి తెచ్చినప్పుడు, వీధిలో ఎవరి దండ ఎంత పొడవో అందరికీ తెలిసేది. ఊరి మంటలో తన చేతి పని కూడా కాలుతోందన్న గర్వం ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఉండేది. కొని తెచ్చిన దండలో లేనిది ఈ గర్వమే. మీ పిల్లలకు పండుగను చూపించారు కానీ పండుగలో వారికి పని ఇవ్వలేదు. అందుకే వారు చూసి వెళ్లిపోయారు, అందులో వారి తప్పేమీ లేదని నా అభిప్రాయం.

నగరంలో ఇది అసాధ్యమేమీ కాదు. ఊరి శివార్లలోని పాలడెయిరీలవారినో, దగ్గరలోని గోశాలవారినో అడిగితే పేడ ఇస్తారు. డిసెంబరు మూడో వారంలో ఒక ఆదివారం ఉదయం మేడపైన పాత ప్లాస్టిక్ పట్టా పరిచి పిల్లలను కూర్చోబెట్టండి. మొదటి అయిదు నిమిషాలూ ముక్కులు మూసుకుంటారు. మీరు ముందుగా చేయి పెడితే వారు ఆ తరువాత పెడతారు. రోజూ బడి నుంచి వచ్చాక పిడకలను తిరగవేసే బాధ్యత వారికే వదలండి, కొన్ని విరిగినా మీరు సరిచేయవద్దు. మంటలో మాత్రం టైర్లు, ప్లాస్టిక్ పడకుండా చూడండి. పిల్లలు మంట చుట్టూ నిలబడి పీల్చేది ఆ పొగనే.

ప్రశ్న: మా మనవరాళ్లకు బతుకమ్మ అంటే ఇష్టమే. కానీ కోడలికి తీరిక లేక తయారు చేసిన బతుకమ్మను కొంటున్నది. పిల్లలకు బంతి తప్ప ఇంకే పువ్వు పేరూ తెలియదు. నేను ముసలివాడిని, నాతో ఏమవుతుంది?
– ఒక తాత, కరీంనగర్

జవాబు: మీతోనే అవుతుంది. పూర్వం కూడా బతుకమ్మ పేర్చే చేతులు తల్లులవీ అమ్మమ్మలవీ అయినా, పూలకు పోయేది ఎక్కువగా పిల్లలు, మగవాళ్లే. చెరువు గట్ల వెంట, చేను ఒడ్ల వెంట తిరిగి తంగేడు, గునుగు, కట్ల పూలు కోసుకుని రావడం వాళ్ల వంతు. ఇప్పుడు గునుగు దొరకడం కష్టమవుతున్నదంటే దానికి కారణం ఉంది. అది ఎవరూ నాటని మొక్క, పత్తి, మక్క, జొన్న చేలలో కలుపుగా తనంతట తాను మొలిచేది. కలుపు మందు కొట్టిన చేనులో మొదట పోయేది అదే. ఈ సంగతి మీ మనవరాళ్లకు చేను ఒడ్డున నిలబెట్టి చెప్పండి. పువ్వు పేరుతో పాటు అది ఎందుకు తగ్గుతున్నదో తెలిసిన పిల్ల ఆ పువ్వును మరచిపోదు.

తెచ్చినాక గునుగును సమానంగా కోసి, కట్టలు కట్టి, తెల్లని కొసలను గులాబీ, ఎరుపు, నీలం రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టే పని పిల్లలకు అప్పగించండి. పేర్చేటప్పుడు మీ కోడలు పక్కన కూర్చుంటే చాలు. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, కాడలు లోపలికీ పువ్వులు బయటికీ ఉండేలా వరుస వెంట వరుస తిప్పుకుంటూ పోవాలి. నడుమ ఏర్పడే గుంతలో కత్తిరించిన కాడలను, ఆకులను కూరుతూ పోకపోతే నాలుగు వరుసలు లేచేసరికి బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పైన పసుపు గౌరమ్మను నిలిపేదాకా ఇది ఇద్దరు ముగ్గురు కలిసి చేయవలసిన పనే. పెద్దల అమావాస్యనాటి ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ చేయలేకపోతే కనీసం మొదటి రోజు, చివరి రోజు చేయండి. బతుకమ్మను తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అంతమాత్రాన అది మన ఇంట్లో నిలవదు, పువ్వు పట్టుకున్న చేతులు ఉంటేనే నిలుస్తుంది.

ప్రశ్న: మా పిల్లలు ఫోన్‌లో అష్టాచెమ్మా ఆడుతున్నారు. మన ఆటే కదా అని సంతోషించాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కొంత సంతోషించవచ్చు, కానీ ఆటలో సగమే ఫోన్‌లోకి వచ్చింది. నేల మీద సుద్దముక్కతో అయిదు వరుసల్లో ఇరవై అయిదు గళ్లు గీసి, నాలుగు గవ్వలు వేసి ఆడినప్పుడు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అయితే గవ్వ ఒక్కోసారి గోడకు ఆనుకుని పక్కకు ఒరిగి నిలబడుతుంది. అప్పుడు అది పడినట్టా, పడనట్టా? ఎదుటివారి కాయను ఒక్కదాన్నైనా చంపకుండా లోపలి గళ్లలోకి వెళ్లవచ్చా? ఒక్కో వీధిలో ఒక్కో రివాజు ఉండేది. సెలవులకు వచ్చిన చుట్టాల పిల్లలు తమ ఊరి లెక్క చెబితే, ఆట మొదలుపెట్టేముందు అందరూ కూర్చుని ఒక ఒప్పందానికి రావలసి వచ్చేది. తొండి చేసినవాడిని పట్టుకోవాలి, వాడు అలిగి లేచిపోతే ఆట ఆగిపోతుంది కాబట్టి మళ్లీ బతిమాలి తెచ్చుకోవాలి. పెద్దవాళ్ల ప్రమేయం లేకుండా పిల్లలు తీర్పు చెప్పడం, దానికి కట్టుబడడం నేర్చుకున్నది అక్కడే. ఫోన్ తొండిని సాగనివ్వదు, తగవును రానివ్వదు, అలిగినవారు లేకపోయినా ఆట నడిపిస్తుంది. మీ ఇంటి నేల మీద ఒక మూల ఆ గళ్లు గీసి, తుడవకుండా వదిలి చూడండి. తగవు వచ్చినప్పుడు మాత్రం తీర్పుకు వెళ్లవద్దు.

ప్రశ్న: మా కాలనీ వార్షికోత్సవంలో పిల్లల కోసం డబ్బు పెట్టి మ్యాజిక్ షో ఏర్పాటు చేయాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. మీ సలహా?
– కాలనీ సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: వద్దన్నవారి పక్షమే నాది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగువారంతా పిలుచుకున్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మొదట మద్రాసులో, ఆ తరువాత హైదరాబాదులో పిల్లల కార్యక్రమాలు నడిపినప్పుడు మైకు ముందు పిల్లలనే నిలబెట్టారు. పద్యం చదివినది, నాటికలో పాత్ర వేసినది, అక్షరం తడబడి మళ్లీ అందుకున్నదీ పిల్లలే. వినేవారు కూడా పిల్లలే కాబట్టి, రేపు నేనూ అక్కడ నిలబడవచ్చునని ఎక్కడో మారుమూల ఊరి పిల్లవాడికి ఆశ కలిగేది. మీ వేదిక మీద పాట కాస్త శ్రుతి తప్పినా ఫరవాలేదు, అది మీ కాలనీ పిల్లల గొంతు అయితే చాలు.

ప్రశ్న: మీ పత్రికలో చిన్ననాటి రోజులను పొగుడుతూ రాసినవి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మా ఇంట్లో అన్నదమ్ములు బొంగరాలు తిప్పుకుంటుంటే నేను అంట్లు తోముతూ, తమ్ముడిని ఎత్తుకుని తిరిగాను. మా వీధి అరుగు మీద ఆడడానికి పేటలోని పిల్లలను రానిచ్చేవారు కాదు. పిల్లలకు పని ఉండాలని మీరు అంటున్నారు. మాకు పని లేని రోజు ఎప్పుడుంది?
– ఒక ఉపాధ్యాయిని, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు రాసినది అక్షరాలా నిజం. ఇది చెప్పకుండా పైన నేను చెప్పినవన్నీ సగం మాటలే అవుతాయి. భోగి పిడకల కోసం పిల్లలు వెంట తిరిగిన ఆ పశువులను మేపుకొచ్చినది కూడా చాలా ఊళ్లలో వారి ఈడు పిల్లలే. బడికి వెళ్లకుండా, తండ్రి చేసిన అప్పుకింద ఏడాది జీతానికి కుదిరిన పిల్లలు. వారికి ఆ పశువులు సంబరం కాదు, చీకటితో మొదలై చీకటితో ముగిసే చాకిరి. ఆడపిల్లల సంగతి మీరే చెప్పారు. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది వస్తుందంటే ఆడపిల్లలు అంతగా ఎదురుచూడడానికి కారణం అట్లు, ఉయ్యాల మాత్రమే కాదని నాకు అనిపిస్తుంది. తెల్లవారకముందే లేచి అన్నం తిని, వీధిలో కేకలు వేస్తూ పరుగెత్తినా, చెట్టుకు కట్టిన ఉయ్యాల మీద ఎంత పైకి ఊగినా ఎవరూ కోప్పడని రోజు ఏడాది మొత్తంలో వారికి అదొక్కటే. అన్నదమ్ములకు రోజూ ఉన్న స్వేచ్ఛ వారికి ఒక పూట దొరికేది.

పిల్లలకు పని ఉండాలన్నప్పుడు నా ఉద్దేశం ఇది: విసుగు పుడితే వదిలేసి పోగలిగిన పని, వదిలేసినా అన్నం మానిపించని పని, చేసినందుకు తనదని చెప్పుకోగలిగిన పని. మీ చేతిలో పెట్టిన అంట్లగిన్నె ఈ మూడింటిలో ఏదీ కాదు. ఆ రోజుల నుంచి తిరిగి తెచ్చుకోవలసినవి కొన్ని ఉన్నట్టే, తలుపు మూసి బయటే ఉంచవలసినవీ ఉన్నాయి. పైన కూకట్‌పల్లి పాఠకురాలికి రాయకుండా వదిలిన మాట ఒకటి ఇక్కడ చెబుతాను. అపార్ట్‌మెంట్ సెల్లారులో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, వారికీ పిల్లలుంటారు. మేడపైన పట్టా పరిచిన రోజున ఆ పిల్లలను పేడ మోయడానికి పిలవకండి, పిడకలు తట్టడానికి పిలవండి. వారి దండ కూడా మిగతావాటితో పాటే మంట దగ్గరికి రావాలి. బహుశా అందరికంటే బాగా తట్టేది వారే, ఆ సంగతి మిగతా పిల్లలు చూడాలి. ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా లేకుండా ఆ తరువాత పట్టా కడిగే పని కూడా అందరికీ పంచండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. వేసవి సెలవులకు వెళ్లడానికి మాకు సొంత ఊరంటూ లేదు, నాన్న చిన్నప్పుడే నగరానికి వచ్చేశారు. ఆయన తాటిబుర్రల బండి గురించి చెబుతుంటారు. దానిని ఇప్పుడు చేయవచ్చా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా చేయవచ్చు, ఊరు లేకపోయినా చేయవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో రోడ్ల పక్కన తాటికాయల గెలలు పెట్టుకుని ముంజెలు అమ్మేవారు మీ నగరంలో ఎందరో ఉంటారు. ఒలిచి కవరులో కట్టిన ముంజెలు కొనకుండా, కాయ తల చెక్కించి అక్కడే నిలబడి తినండి. మూడు కళ్లలో లేతదాన్ని ముందుగా ఎంచుకుని బొటనవేలు పక్కగా దించితే, లోపలి నీరు ముఖం మీదికి చిమ్ముతుంది, చొక్కా మీద పడితే ఆ మరక వదలదు, పాత చొక్కాతో వెళ్లండి. తిన్నాక మిగిలిన బుర్రలను అడిగితే ఊరికే ఇస్తారు, వారికి అవి పారేయవలసినవే. రెండు బుర్రలను చక్రాలుగా తీసుకుని, వాటి నడుమ జానెడు పుల్లను ఇరుసుగా గుచ్చాలి. ఆ ఇరుసు మీద పంగలకర్రను ఆనించి తోసుకుంటూ పోతే బండి నడుస్తుంది. పంగ లోపలివైపు నున్నగా చెక్కకపోతే ఇరుసు పట్టేస్తుంది. కాయలు కోసిన రోజే చేయండి, రెండు రోజులు ఆగితే అవి వడలిపోయి పుల్ల వదులవుతుంది. మీ నాన్నగారిని వెంట తీసుకువెళ్లి బుర్రలు ఆయన చేతే ఎంపిక చేయించండి. రెండూ ఒకే పరిమాణంలో లేకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది.