కోర్టు ఇస్తుందని లెక్కేసుకుని అప్పు చేయొద్దు

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చాం, సంపాదన నా ఒక్కడిదే. మూడేళ్ల కిందట నెలకు 1,300 పౌండ్ల అద్దెకు దిగుతూ 1,500 డిపాజిట్ కట్టాం. ఓనర్ దాన్ని డిపాజిట్లను కాపాడే ఏ స్కీమ్‌లోనూ పెట్టలేదని ఈ మధ్యే తెలిసింది. కోర్టుకు వెళితే మూడు రెట్ల పెనాల్టీ, డిపాజిట్‌తో కలిపి 6,000 వస్తుందంటున్నారు. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. కొత్త ఇంటికి డిపాజిట్ 1,650, మొదటి నెల అద్దె 1,430 కట్టాలి. సేవింగ్స్‌లో ఉన్నది 450. షాద్‌నగర్ దగ్గర ప్లాటు వాయిదాలకు నెలకు 600 పంపుతున్నాను. క్రెడిట్ కార్డు మీద 2,000 క్యాష్ తీసి, ఇంకో వెయ్యి షార్ట్ టర్మ్ లోన్ పెట్టి, కోర్టు డబ్బు రాగానే తీర్చేయొచ్చా? ఆఖరి నెల అద్దె ఎగ్గొట్టమని కూడా కొందరంటున్నారు.

జవాబు: వద్దు. మీరు చెప్పింది నిజమైతే మీ హక్కు గట్టిదే. కానీ తేదీ తెలియని డబ్బును చూపించి, వచ్చే నెల నుంచే వాయిదా కట్టాల్సిన అప్పు తెస్తానంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. కేసు, బోనస్, ఊళ్లో పొలం అమ్మకం... పేరు ఏదైనా, రాని డబ్బును ముందే ఖర్చు పెట్టడమే.

ముందు 6,000 లెక్క సరిచేద్దాం. 2004 హౌసింగ్ చట్టం ప్రకారం ఓనర్ చేతికి డబ్బు అందిన 30 రోజుల్లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కీమ్‌లో డిపాజిట్ నమోదు కావాలి. ఆ వివరాల పత్రం కూడా అదే గడువులో మీకు ఇవ్వాలి. రెంటిలో ఏది తప్పినా, ఆలస్యంగా చేసినా, కోర్టు డిపాజిట్‌కు ఒక రెట్టుకు తగ్గకుండా, మూడు రెట్లకు మించకుండా పెనాల్టీ వేయాలి. ఎన్ని రెట్లన్నది జడ్జి ఇష్టం. ఒకే ఇల్లున్న ఓనర్ తెలియక చేసిన తప్పుకు తక్కువ, పది ఇళ్లు తిప్పుతూ తెలిసీ ఎగ్గొట్టినవాడికి ఎక్కువ పడొచ్చు. కాబట్టి మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది 1,500 డిపాజిట్, 1,500 పెనాల్టీ, మొత్తం 3,000. అందులోంచి కూడా గోడలు పాడుచేశారనో, అద్దె బాకీ ఉందనో ఓనర్ కోత అడగొచ్చు. తీర్పు రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక ఓనర్ కట్టకపోతే వసూలుకు మళ్లీ వేరే దరఖాస్తు, వేరే ఫీజు.

ఇక మీ అప్పు. షార్ట్ టర్మ్ లోన్‌కు రోజుకు 0.8 శాతం దాకా వేసుకోవచ్చని 2015 నుంచి పరిమితి ఉంది. వెయ్యికి రోజుకు 8 పౌండ్లు, నెలకు 240. మొత్తం వడ్డీ, ఫీజులు అసలును దాటకూడదన్నది ఇంకో పరిమితి. దాన్ని రక్షణ అనుకుంటున్నారేమో, వెయ్యికి రెండు వేలు కట్టడం చట్టబద్ధమేనని దాని అర్థం. క్రెడిట్ కార్డు క్యాష్‌కు ఫీజు వేరు, వడ్డీ తీసిన రోజు నుంచే. కేసు ఆరు నెలలు నడిస్తే మీకొచ్చే పెనాల్టీలో ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

మీ అసలు సమస్య ఓనర్ కాదు. మూడేళ్లు ఉద్యోగం చేసి 450 పౌండ్లతో నిలబడటం. నిజాయితీపరుడైన ఓనరైనా పాత డిపాజిట్‌ను మీరు ఖాళీ చేశాకే ఇస్తాడు. ఎంత ఇవ్వాలో ఇద్దరూ ఒప్పుకున్నాక 10 రోజుల గడువుంటుంది. కొత్త ఇంటి డబ్బు మాత్రం తాళం చేతికి రాకముందే కట్టాలి. అంటే ఇల్లు మారిన ప్రతిసారీ రెండు డిపాజిట్లు ఒకేసారి మోయాల్సిందే. దీనికి తోడు స్కిల్డ్ వర్కర్ ఉద్యోగం పోతే హోమ్ ఆఫీస్ మామూలుగా వీసాను 60 రోజులకు కుదిస్తుంది. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ లేవని రాసి ఉంటుంది కనుక యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ భృతులు మీకు అందవు. కాబట్టి ఆపదకు దాచిన డబ్బు ఉండాలి. నెల ఖర్చు 2,000 అనుకుంటే మూడు నెలలకు 6,000, దాని మీద ఇంటిల్లిపాదికీ హైదరాబాద్ టికెట్ల డబ్బు. ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఈజీ యాక్సెస్ ఖాతాలో, ఇంగ్లండ్‌లోనే ఉండాలి. ఊళ్లో చీటీ దీనికి పనికిరాదు.

ప్లాటు వాయిదా ఆపండి. చెప్పకుండా ఆపొద్దు. అగ్రిమెంట్‌లో ఆలస్యానికి ఏం రాశారో చూసి, ఆరు నెలలు కట్టకుండా ఆగే వీలు కావాలని వెంచర్ వాళ్లను రాతలో అడగండి.

వచ్చే నెలకు 3,080 కావాలి. ఆఖరి అద్దె ఎగ్గొట్టమన్న మాట వినకండి. అది బాకీ అవుతుంది, ఓనర్‌కు ఎదురు కేసు దొరుకుతుంది. కోర్టు తీర్పు పడి నెలలోపు కట్టకపోతే అది మీ క్రెడిట్ రికార్డులో ఆరేళ్లు ఉంటుంది. అదే పని ఓనర్ ఒప్పుకోలుతో చేయొచ్చు. డిపాజిట్‌లో 1,300 ఆఖరి నెల అద్దెకు సర్దుబాటు చేస్తున్నట్టు ఈమెయిల్ తెప్పించుకోండి. అందులో ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టొద్దు, పెనాల్టీ అక్కడే పోతుంది. ఈ 1,300, మీ 450, ఆపిన వాయిదా 600 కలిపితే 2,350. లోటు 730. దానికి ముందు కంపెనీ హెచ్‌ఆర్‌ను అడగండి. అద్దె డిపాజిట్‌కు వడ్డీ లేని అప్పు ఇచ్చే సంస్థలున్నాయి, 10,000 పౌండ్ల లోపు అలాంటి అప్పుకు పన్ను కూడా పడదు. లేదంటే క్రెడిట్ యూనియన్, అంటే సభ్యులకు అప్పిచ్చే సహకార సంఘం. అదీ కాకపోతే ఇల్లు ఒక నెల ఆలస్యంగా మారండి, ఎవరూ తరమడం లేదుగా. డిపాజిట్‌కు బదులు ఫీజు కట్టించుకునే జీరో డిపాజిట్ పథకాలు వద్దు. కట్టిన ఫీజు తిరిగి రాదు, నష్టం జరిగితే మళ్లీ మీరే కట్టాలి.

కేసు సంగతి. డిపాజిట్ నమోదు కాలేదని ఎలా తెలుసుకున్నారో రాయలేదు. డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ - మూడింటి వెబ్‌సైట్లలోనూ వెతకాలి. పోస్ట్‌కోడ్, ఇంటిపేరు, టెనెన్సీ (అద్దె ఒప్పందం) మొదలైన తేదీ, డిపాజిట్ మొత్తం అడుగుతాయి. మనవాళ్లు తప్పేది ఇంటిపేరు దగ్గరే. ఏజెంట్ మీ అసలు పేరునే ఇంటిపేరుగా ఎక్కించి ఉండొచ్చు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు ఒకసారి, తిరగేసి ఒకసారి, భార్య పేరుతో ఒకసారి చూడండి. దొరకకపోతే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి.

అగ్రిమెంట్, డిపాజిట్ వెళ్లిన బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజీలు ఒకచోట పెట్టండి. ఆపైన ఓనర్‌కు 14 రోజుల గడువుతో లేఖ రాయండి. నమూనా, ఇళ్ల సమస్యల మీద సలహా ఇచ్చే షెల్టర్ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంది. డబ్బు ఏజెంట్ తీసుకుని ఉంటే అతని మీదా క్లెయిమ్ వేయొచ్చు. చాలామంది ఓనర్లు ఈ లేఖ దగ్గరే బేరానికి వస్తారు. డిపాజిట్ తిరిగిస్తాను, ఇక వదిలేయండి అంటే తలూపొద్దు. చట్టం ఇచ్చే కనీసమే 3,000 కదా, అద్దెకు 1,300 సర్దుకుని ఉంటే ఇంకా 1,700 రావాలి. ఆ మొత్తానికి కాస్త అటూఇటూగా వెంటనే చేతికొస్తుందంటే మాత్రం తీసుకోవడం మంచిదే. ఒప్పుకోకపోతే కౌంటీ కోర్టులో ఎన్208 ఫారంతో కేసు వేయాలి. అగ్రిమెంట్‌లో మీ భార్య పేరూ ఉంటే ఇద్దరూ వాదులుగా ఉండాలి. ఫీజు ముందుగా మీరే కట్టాలి, ఆదాయం, పొదుపు తక్కువైతే ఈఎక్స్160 ఫారంతో తగ్గింపు అడగొచ్చు. గెలిస్తేనే ఫీజు అనే సంస్థలు వచ్చినదాంట్లో పెద్ద వాటా పట్టుకుపోతాయి. ముందు సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థలో ఉచితంగా అడగండి. క్లెయిమ్‌కు ఆరేళ్ల గడువుంది, ఇల్లు ఖాళీ చేశాక కూడా వేయొచ్చు.

హైదరాబాద్‌లో అడ్వాన్స్ ఓనర్ జేబులోనే ఉంటుంది, ఎవరూ రసీదు అడగరు. ఆ అలవాటుతోనే మనవాళ్లు ఇక్కడా అడగడం లేదు. కొత్త ఇంట్లో దిగిన 31వ రోజున నమోదు సర్టిఫికెట్ లేకపోతే అదే రోజు అడగండి. డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. 1,430ను 12తో గుణించి 52తో భాగిస్తే వారానికి 330, అయిదు వారాలకు 1,650. మీ కొత్త ఓనర్ సరిగ్గా పరిమితిలోనే అడిగాడు.

ఇదే ప్రశ్న పంపే విద్యార్థులకు ఒక మాట. గదిని మళ్లీ అద్దెకిచ్చి అదే ఇంట్లో ఉంటున్న ‘అన్న’కు డిపాజిట్ కట్టి ఉంటే మీకు మామూలుగా ఈ చట్టం వర్తించదు, పెనాల్టీ ఆశ వదులుకోండి. యూనివర్సిటీ హాస్టళ్లకూ వర్తించదు. స్కాట్లాండ్‌లో దారి వేరు. గడువు 30 పనిదినాలు, ఫిర్యాదు ట్రైబ్యునల్‌కు, అదీ ఇల్లు ఖాళీ చేసిన మూడు నెలల్లోపే. గ్లాస్గోలో ఉంటూ ఇంగ్లండ్ ఆరేళ్లను నమ్ముకుని కూర్చోవద్దు.