రోగిని అప్పగించేటప్పుడు తీసుకునేవారు కూడా మాట్లాడాలి

ఐసీయూ నుంచి వార్డుకు, ఒక డ్యూటీ నుంచి మరో డ్యూటీకి రోగిని అప్పగించేటప్పుడు సమాచారం తప్పిపోకుండా ఏం చేయాలని అడిగారు. వరంగల్‌లో 12 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నా అనుభవంలో, అప్పగించేవారు ఎంత వివరంగా చెప్పినా, తీసుకునేవారు విన్నదాన్ని తిరిగి చెప్పనంతవరకు ఆ పని సగమే అయినట్లు.

మునుపు నేను పనిచేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఒక రాత్రి భోజనాల వేళకు కాస్త ముందు, ములుగు వైపు నుంచి వచ్చిన ఒక షుగర్ రోగిని ఐసీయూ నుంచి మా వార్డుకు దించారు. వెంట వచ్చిన సిస్టర్ "అంతా కేస్ షీట్‌లో ఉంది" అని చెప్పి, పైన మరో అడ్మిషన్ ఉందంటూ వెళ్లిపోయారు. షీట్‌లో భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలని ఉంది, ఇచ్చినట్లు సంతకం లేదు. నేను సిరంజిలో మందు ఎక్కించుకొని మంచం దగ్గరికి వెళ్లేసరికి రోగి కూతురు, "ఇప్పుడే కదా సిస్టర్, పైన సూది ఇచ్చిన్రు" అన్నది. ఫోన్ చేస్తే నిజమేనని తేలింది. ఆ డోసు నమోదైన చార్టు ఐసీయూలోనే ఉండిపోయింది. రెండోసారి ఇచ్చి ఉంటే అర్ధరాత్రి నిద్రలో షుగర్ పడిపోయేది, నిద్రపోతున్న మనిషిని చూసి ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

ఆ తర్వాత మాకు ఎస్‌బార్ ఫారాలు ఇచ్చారు. ప్రస్తుత పరిస్థితి, నేపథ్యం, అంచనా, చేయవలసినది అనే వరుసలో చెప్పే ఈ పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిందంటారు. వరుస మంచిదే. కానీ నెల తిరిగేసరికి మేము ఫారం నింపడమే అప్పగింత అనుకోసాగాము, గడులు నిండుతున్నాయి గానీ ఎదుటి మనిషికి ఏం అర్థమైందో ఎవరూ అడగడం లేదు. ఐ-పాస్ అనే మరో పద్ధతిలో చివరి అంశం, తీసుకునేవారు సారాంశాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పి సందేహాలు అడగడం. 9 పిల్లల వైద్యశాలల్లో జూనియర్ డాక్టర్లతో దీన్ని అమలు చేయగా వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురితమైంది. ఆ తగ్గుదల అంతా ఈ ఒక్క అంశం వల్లేనని చెప్పలేము గానీ, మా వార్డులో నిజంగా తేడా తెచ్చింది మాత్రం ఇదే.

ఇప్పుడు మేము నర్సుల బల్ల దగ్గర కాక రోగి మంచం దగ్గరే నిలబడి ఓవర్ ఇస్తాము, అంటే రోగిని అప్పగిస్తాము. చివరి డోసు ఎప్పుడు ఇచ్చారు, ఏది ఇంకా ఇవ్వాలి, ఏ రిపోర్టు రావాలి, దేనికి డాక్టరును పిలవాలి అన్నవి తీసుకునే సిస్టర్ తన నోటితో చెప్పాలి. డ్రిప్‌ను, చార్టును ఇద్దరమూ చూస్తాము. రోగి వెంట ఉన్న అటెండెంటును కూడా "ఇంతకు ముందు ఏమిచ్చారమ్మా" అని అడుగుతాము. ఏటూరునాగారం ప్రాంతం నుంచి వచ్చే కొందరు పెద్దవారికి కోయ మాటే సులువు, మా సిస్టర్లలో కొందరి మాతృభాష మలయాళం. కాబట్టి వెంట ఉన్న కొడుకో కోడలో అక్కడ లేకపోతే, రోగి తలూపినంత మాత్రాన సరిపోయిందని మేము అనుకోము.

అన్నిటికంటే కష్టమైనది సమయం. ఉదయం డ్యూటీ 2 గంటలకు ముగిసి, మధ్యాహ్నం డ్యూటీ అదే 2 గంటలకు మొదలైతే ఓవర్ ఎవరి సమయంలో ఇవ్వాలి? పరకాల బస్సు అందుకోవలసిన సిస్టరును నిలబెట్టి తిరిగి చెప్పించుకోవడం నాకే మొహమాటంగా ఉండేది. మా హెడ్ సిస్టర్ పోరాడి రెండు డ్యూటీల మధ్య 15 నిమిషాలు కలిసేలా రోస్టర్ మార్పించారు. మీ దగ్గర యాజమాన్యాన్ని ఒక్కటే అడగగలిగితే, ఫారం కంటే ముందు ఆ 15 నిమిషాలు అడగండి.